నీళ్ళ కాగు నుంచి మిద్దె మీది సోలార్ దాకా

పిల్లలూ, ఈసారి వేడినీళ్ళ కబుర్లు చెప్పుకుందాం. ఆదోనిలో, ఎమ్మిగనూరులో తాతలనాటి ఇల్లు బాగుచేయించుకునే వాళ్ళు ఈ మధ్య ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "పెరట్లో రాగి బాయిలర్ ఉంది. స్నానాలగదిలో పాత గీజరు ఉంది. రెండూ పీకి పారేసి మిద్దె మీద సోలార్ పెట్టిస్తే సరిపోతుందా తాతా?"

పారేయొద్దు నాయనా. సోలార్ పెట్టించు, తప్పకుండా పెట్టించు. కానీ అంతకంటే ముందు నీ ఇంట్లో వేడి ఎక్కడెక్కడ కారిపోతోందో చూసుకో. వేడి పుట్టించడం ఎవరికైనా చేతనవుతుంది. పుట్టిన వేడిని తెల్లవారేదాకా నిలబెట్టడమే అసలు విద్య. ఎందుకంటున్నానో లెక్కతోనే మొదలుపెడతాను.

బకెట్టు లెక్క

ఒక లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కిలోక్యాలరీ కావాలి. మీ మీటరులో తిరిగే ఒక యూనిట్ కరెంటులో 860 కిలోక్యాలరీలు ఉంటాయి. ఈ రెండు అంకెలు గుర్తుంటే ఏ దుకాణదారుడు చెప్పే లెక్కనైనా మీరే సరిచూసుకోవచ్చు.

ఇంట్లో నలుగురు ఉన్నారనుకోండి. తలా ఒక పెద్ద బకెట్టు, 25 లీటర్లు. మొత్తం 100 లీటర్లు. చలికాలం పొద్దున ట్యాంకు నీళ్ళు 20 డిగ్రీలుంటే, ఒంటికి హాయిగా ఉండే 40 డిగ్రీలకు తేవడానికి 2,000 కిలోక్యాలరీలు కావాలి. అంటే రెండుంబావు యూనిట్ల కరెంటు కంటే కాస్త ఎక్కువ. గీజరు ఒంటి నుంచీ, గొట్టాల నుంచీ పోయేది కలుపుకుంటే రోజుకు మూడు యూనిట్లు అనుకోవచ్చు.

అదే పని కట్టెలతో చేస్తే? ఎండిన కట్టె కిలోలో 3,500 కిలోక్యాలరీలకు పైనే వేడి ఉంటుంది. ఆ లెక్కన అరకిలో పైచిలుకు కట్టెతో నలుగురి స్నానాలు అయిపోవాలి. కానీ మూడు రాళ్ళ పొయ్యి మీద కాగు పెట్టి కాచినప్పుడు మంటలోని వేడిలో నూటికి పది, పదిహేను పాళ్ళే నీళ్ళకు అందుతుంది. అందుకే నాలుగైదు కిలోల కట్టె కాలిపోతుంది. మిగతా వేడంతా గాలిపాలు. పొగ మాత్రం పొయ్యి ఊదే ఆడవాళ్ళ ఊపిరితిత్తుల పాలు.

రాగి బాయిలర్ మంచీ చెడ్డా

మన పెద్దవాళ్ళు ఆ నష్టం చూశారు కాబట్టే కాగు నుంచి రాగి బాయిలర్‌కు మారారు. దాని నిర్మాణం గమనించారా? నడిమధ్యన పొగగొట్టం, దాని చుట్టూ నీళ్ళు. కింద జల్లెడ మీద పత్తికట్టె, కందికంప, బుడ్డల పొట్టు ఏది వేసినా మంట గొట్టంలోంచే పైకి పోవాలి. పోతూపోతూ చుట్టూ ఉన్న నీళ్ళకు వేడినిచ్చి పోతుంది. పైగా రాగి ఇనుము కంటే అయిదు రెట్లు బాగా వేడిని దాటిస్తుంది. పత్తి, వేరుశనగ పండే మన సీమలో చేలో మిగిలిపోయిన కంపతోనే ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాగేవి. మంచి ఇంజనీరింగ్ అది.

లోపమల్లా వేడిని నిలబెట్టుకోలేకపోవడమే. మంట ఆరాక నీళ్ళలోని వేడి రాగి గోడలోంచి బయటి గాలికి పోతూనే ఉంటుంది. బాయిలర్‌కు చుట్టూ కప్పు లేదు. అందుకే తెల్లారి నాలుగింటికి లేచి మళ్ళీ రాజేయాల్సి వచ్చేది.

సోలార్ హీటర్ చరిత్రలోనూ సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. 1767లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సొస్యూర్ అద్దాల మూతలున్న పెట్టెను ఎండలో పెట్టి, లోపల నీళ్ళు మరిగేంత వేడి పుడుతుందని చూపించాడు. 1891లో అమెరికాలోని బాల్టిమోర్‌లో క్లారెన్స్ కెంప్ నల్లరంగు పూసిన నీళ్ళ తొట్లను అద్దాల పెట్టెలో బిగించి, 'క్లైమాక్స్' పేరుతో పేటెంటు తీసుకున్నాడు. సాయంత్రానికి నీళ్ళు బాగా కాగేవి. రాత్రి గడిచేసరికి మళ్ళీ చల్లారేవి. పగలు వేడిని లోపలికి రానిచ్చిన అద్దంలోంచే రాత్రి వేడి బయటికి పోయేది.

ఆ ముడి విప్పినవాడు కాలిఫోర్నియాకు చెందిన విలియం బెయిలీ. 1909లో ఆయన వేడి పట్టే భాగాన్నీ, నీళ్ళు నిలవుండే ట్యాంకునూ విడదీశాడు. ఎండలో ఉండేవి గొట్టాలు మాత్రమే. ట్యాంకుకు మందపాటి కప్పు తొడిగాడు. తన హీటర్‌కు 'డే అండ్ నైట్' అని పేరు పెట్టాడు. రాత్రి కూడా వేడిగా ఉండడమే దాని ప్రత్యేకత మరి. ఈరోజు ఆదోని మిద్దెల మీద కనిపించే ప్రతి సోలార్ హీటరూ ఆ మార్పు నుంచి వచ్చిందే.

మోటారు లేకుండా నీళ్ళు ఎలా తిరుగుతాయి?

20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు 998 గ్రాములు తూగుతాయి. 60 డిగ్రీల దగ్గర 983 గ్రాములే. తేడా 15 గ్రాములు. ఆ పదిహేను గ్రాముల తేడాతోనే పనంతా జరుగుతుంది. గొట్టంలో కాగిన నీళ్ళు తేలికై పైన ఉన్న ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యాంకు అడుగునున్న చల్లనీళ్ళు బరువుగా గొట్టంలోకి దిగుతాయి. ఎండ ఉన్నంతసేపూ ఈ తిరుగుడు ఆగదు. ట్యాంకు గొట్టాల కంటే పైనే ఎందుకు ఉండాలో ఇప్పుడు తెలిసింది కదా? వేడినీళ్ళు తీసుకునే పైపు ట్యాంకు పైభాగం నుంచే ఎందుకు రావాలో కూడా ఇందులోనే ఉంది.

ఇక రకాలు రెండు. ఒకటి అద్దం కింద నల్లటి రేకూ, దానికి అతికించిన సన్నని రాగి గొట్టాలూ ఉండే బల్లపరుపు రకం. రెండోది గాజు గొట్టాల రకం. ఇందులో ఒక గాజు గొట్టంలో ఇంకో గాజు గొట్టం, రెంటి మధ్యా గాలి తీసేసిన ఖాళీ ఉంటాయి. 1892లో జేమ్స్ డ్యూయర్ తయారుచేసిన ఫ్లాస్కుదీ ఇదే నిర్మాణం. లోపలి గొట్టం మీది నల్లపూత ఎండను పీల్చుకుంటుంది, తిరిగి వేడిని చాలా తక్కువగా వదులుతుంది. శూన్యంలోంచి వేడి గాలి ద్వారా పోయే వీలులేదు. గొట్టం కొసన వెండిలా మెరిసే మచ్చ ఒకటుంటుంది. అది తెల్లబడిపోయిందంటే లోపలికి గాలి చొరబడిందని అర్థం. ఆ ఒక్క గొట్టం మార్పిస్తే చాలు.

రోజుకు 100 లీటర్ల హీటర్‌కు బల్లపరుపు రకమైతే రెండు చదరపు మీటర్లు, గాజు రకమైతే పెద్ద గొట్టాలు సుమారు పది కావాలి. 100 లీటర్లు చాలవేమో అని దిగులు వద్దు. 60 డిగ్రీల నీళ్ళు ఒక బకెట్టు, 20 డిగ్రీల నీళ్ళు ఒక బకెట్టు కలిపితే 40 డిగ్రీల నీళ్ళు రెండు బకెట్లు. కాబట్టి 100 లీటర్ల ట్యాంకు నలుగురైదుగురికి హాయిగా సరిపోతుంది.

మన ఎండ, మన మిద్దె

ఆదోని భూమధ్యరేఖకు 15.6 డిగ్రీల ఉత్తరాన ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కానీ వేడినీళ్ళు కావలసింది అప్పుడు కాదు. డిసెంబరు చివర్లో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 51 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అందుకే హీటర్ ముఖం దక్షిణానికి ఉండాలి. వాలు 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే చలికాలం ఎండ బాగా అందుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. వాస్తు ప్రకారం చాలామంది ఇళ్ళలో నీళ్ళ ట్యాంకు నైరుతి మూలన ఎత్తుగా కట్టి ఉంటుంది. దాని నీడ చలికాలంలో ఉత్తరం వైపు పొడవుగా పడుతుంది. హీటర్‌ను ఆ నీడలో బిగిస్తే డిసెంబరులో సగం ఎండ పోయినట్టే. ట్యాంకుకు ఉత్తరాన కాకుండా నీడ పడని చోటు చూడండి. డిసెంబరులో ఒక రోజు పొద్దున తొమ్మిదికీ, మధ్యాహ్నం పన్నెండుకీ, సాయంత్రం మూడింటికీ మిద్దె ఎక్కి నీడలు గుర్తుపెట్టుకోవడం అన్నిటికంటే మంచి పద్ధతి.

బరువు సంగతి మరీ ముఖ్యం. 200 లీటర్ల హీటర్ అంటే నీళ్ళే 200 కిలోలు. ఒక్కో పెద్ద గాజు గొట్టంలో రెండున్నర లీటర్లు అదనం. స్టాండు బరువు వేరే. కాంక్రీటు మిద్దెకు ఇది లెక్కలోది కాదు. కానీ దూలాలు, దంతెలు పరిచి చౌడుమన్ను పోసిన పాత మట్టిమిద్దె, బండలు పరిచిన మిద్దె ఈ బరువును నాలుగు కాళ్ళ మీద భరించలేవు. స్టాండు కాళ్ళు గోడల మీదికి వచ్చేలా అడ్డంగా ఇనుప దూలాలు వేయించండి, లేదా పెరట్లో విడిగా ఇనుప మంచె కట్టించండి. మేస్త్రీకి చూపించకుండా పాత మిద్దె మీద హీటర్ ఎక్కించవద్దు.

బోరు నీళ్ళా, కాలవ నీళ్ళా?

మన ప్రాంతంలో సోలార్ హీటర్లను ఎక్కువగా పాడుచేసేది నీళ్ళే. బోరు నీళ్ళలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. నీళ్ళు వేడెక్కితే అది విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సున్నపురాయి పదార్థంగా మారి, వేడి తగిలే చోటే పేరుకుంటుంది. 60 డిగ్రీలు దాటితే ఇంకా త్వరగా పేరుకుంటుంది.

లీటరుకు 500 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న నీళ్ళనుకోండి. రోజుకు 100 లీటర్లు వాడితే నెలకు కిలోన్నర సున్నపు పదార్థం మీ హీటర్‌లోంచి ప్రయాణిస్తుంది. అందులో పదోవంతు నిలబడిపోయినా నెలకు 150 గ్రాములు. గీజరు కాయిల్ మీద ఆ పొర పేరుకుంటే, కాయిల్‌కు కంబళి కప్పినట్టే. కరెంటు కాలుతుంది, వేడి నీళ్ళకు త్వరగా చేరదు. చివరికి కాయిలే కాలిపోతుంది. బల్లపరుపు రకం హీటర్‌లో అయితే సన్నని రాగి గొట్టాలు పూడుకుపోతాయి. అందుకే బోరు నీళ్ళే దిక్కైన ఇళ్ళకు గాజు గొట్టాల రకం మేలు. గొట్టం వెడల్పుగా ఉంటుంది, ఊడదీసి కడుక్కోవచ్చు.

ఇంకా మంచి దారి ఉంది. తుంగభద్ర దిగువ కాలువ నుంచి వచ్చే మున్సిపాలిటీ నీళ్ళు బోరు నీళ్ళంత కఠినంగా ఉండవు. వేడినీళ్ళ కోసం మిద్దె మీద చిన్న ట్యాంకు ఒకటి వేరుగా పెట్టి, దాంట్లోకి కుళాయి నీళ్ళే ఎక్కించండి. రోజుకు 100, 150 లీటర్లే కదా కావలసింది. బోరు నీళ్ళను మిగతా వాడకానికి ఉంచండి. హీటర్ ఆయుష్షు పెంచే పనుల్లో దీనికి మించింది లేదు.

రోజూ నీళ్ళు రాని వీధుల వాళ్ళు ఇంకో మాట కూడా వినాలి. ట్యాంకు ఖాళీ అయిపోయి గాజు గొట్టాలు ఎండకు వట్టిగా కాగితే లోపల 200 డిగ్రీల దాకా వేడి పుడుతుంది. ఆ సమయంలో ఒక్కసారిగా చల్లనీళ్ళు వదిలితే గాజు పగులుతుంది. ఖాళీ అయిన హీటర్‌ను ఎప్పుడూ ఎండ రాకముందో, రాత్రికో నింపండి. నడివేసవిలో వేడినీళ్ళు అక్కర్లేనప్పుడు గొట్టాల మీద గోనెపట్టా కప్పి ఉంచండి.

ఏడాదికోసారి ట్యాంకు అడుగు కుళాయి విప్పి మడ్డిని వదిలేయండి. ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఉంటే అరిగిందేమో చూడండి. ట్యాంకు లోహానికి బదులు తాను కరిగి దాన్ని కాపాడే కడ్డీ అది.

గొట్టాలు, పాత గీజరు

ముప్పావు అంగుళం పైపులో మీటరుకు పావు లీటరు నీళ్ళు పడతాయి. మిద్దె నుంచి స్నానాలగదికి 20 మీటర్లుంటే, కుళాయి తిప్పాక మొదటి అయిదు లీటర్లు చల్లగానే వస్తాయి. ప్రతి స్నానానికీ ఆ అయిదు లీటర్ల వేడి గొట్టంలోనే చచ్చిపోతుంది. కాబట్టి హీటర్‌ను స్నానాలగదికి దగ్గరగా బిగించండి. పాత జీఐ పైపులు లోపల తుప్పుతో, సున్నంతో పూడి ఉంటాయి. వాటిని తీసి వేడినీళ్ళకు పనికొచ్చే సీపీవీసీ పైపు వేయించి, పైన నురుగు తొడుగు వేయించండి. మామూలు పీవీసీ వేడినీళ్ళకు మెత్తబడుతుంది. రాగి గొట్టాన్ని నేరుగా జీఐ పైపుకు కలపవద్దు. తడిలో రెండు లోహాలు కలిస్తే జీఐ పైపు మీది జింకు కరిగిపోతుంది. మధ్యలో ఇత్తడి జాయింటు వేయించండి.

సోలార్ ట్యాంకు నుంచి పైకి లేచి ఉండే గాలిగొట్టానికి ఎప్పుడూ కుళాయి బిగించకండి, కొస మూయకండి. నీళ్ళు మరిగితే ఆవిరి పోయే దారి అదొక్కటే. చల్లనీళ్ళ ట్యాంకు నిండు మట్టం కంటే దాని కొస ఎత్తుగా ఉండాలి.

ఇప్పుడు పాత గీజరు సంగతి. వర్షాకాలంలో ముసురు పట్టిన రోజులకు అది కావాలి. గీజరునైనా, సోలార్ ట్యాంకులోని కరెంటు కాయిల్‌నైనా వాడే వేళ ముఖ్యం. సాయంత్రం వేస్తే రాత్రంతా వేడి పోతూనే ఉంటుంది. ముసురు రోజున తెల్లవారుజామున వేసి, మొదటి బకెట్టు పట్టేముందు ఆపేయండి. ఆపకపోతే మీరు తీసిన ప్రతి బకెట్టుకూ బదులు లోపలికొచ్చే చల్లనీళ్ళను కరెంటే కాచేస్తుంది. సూర్యుడు వచ్చేసరికి ఆయనకు పనే మిగలదు. సోలార్ పెట్టించాక కూడా బిల్లు తగ్గలేదనే ఇళ్ళలో ముందు చూడవలసింది ఈ స్విచ్చునే.

పాత గీజరుకు ఎర్త్ వైరు సరిగా ఉందా, ప్రెషర్ వాల్వు పనిచేస్తోందా చూపించండి. కరెంటు లీకైతే వెంటనే లైను కొట్టేసే ఆర్‌సీసీబీ బిగించండి. బకెట్టులో రాడ్డు హీటర్ వేసేవాళ్ళు స్విచ్చు తీసి, ప్లగ్గు పీకిన తర్వాతే నీళ్ళలో చెయ్యి పెట్టండి. గ్యాస్ గీజరును గాలి రాని స్నానాలగదిలో పెడితే కార్బన్ మోనాక్సైడ్ చేరి ప్రాణం పోతుంది. దాని చోటు గది బయటే.

డబ్బు లెక్క

రోజుకు మూడు యూనిట్లు మిగిలితే, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 120 రోజులకు 360 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే 2,160 రూపాయలు. హీటరుకు 20 వేలు పెట్టామనుకుంటే, ఆ డబ్బు తిరిగి రావడానికి తొమ్మిదేళ్ళు దాటుతుంది. ముసలివాళ్ళు, పసిపిల్లలు, బాలింతలు ఉండి ఏడాదిలో 250 రోజులు వేడినీళ్ళు కావలసిన ఇంట్లో అయితే అదే డబ్బు నాలుగైదేళ్ళలో వచ్చేస్తుంది. కట్టెలు కొని కాచే ఇంటికి పొగ బాధ తప్పడం కూడా లాభమే. హాస్టళ్ళకు, ఆస్పత్రులకు, ఏడాది పొడవునా భక్తులు దిగే మంత్రాలయం లాడ్జీలకు ఇంతకంటే మంచి బేరం ఉండదు.

ఎమ్మిగనూరు అద్దకం పనికి కూడా ఇది పనికొస్తుంది. 1938లో మాచాని సోమప్ప గారు స్థాపించిన చేనేత సహకార సంఘంతో ఆ ఊరికి దేశమంతా పేరొచ్చింది. నూలుకు రంగు పట్టించడానికి చాలా రంగులకు 60 డిగ్రీల చుట్టుపక్కల వేడి కావాలి. సరిగ్గా ఆ వేడి దాకా నీళ్ళను సూర్యుడితో కాచుకుంటే పొయ్యికి మిగిలే పని చాలా తక్కువ.

చివరగా ఒక గందరగోళం తీర్చాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం సబ్సిడీ కరెంటు పుట్టించే పలకలకు. నీళ్ళు కాచే సోలార్‌కు కాదు. రెండూ వేరు యంత్రాలు. కరెంటు పలక తన మీద పడిన ఎండలో అయిదోవంతును కరెంటుగా మారుస్తుంది. నీళ్ళ హీటర్ దాదాపు సగాన్ని వేడిగా పట్టుకుంటుంది. కాబట్టి మిద్దె మీద చోటు తక్కువై, ముఖ్యంగా కావలసింది వేడినీళ్ళే అయితే నీళ్ళ హీటరే నయం. ఇప్పటికే కరెంటు పలకలుంటే మధ్యాహ్నం ఎండవేళ గీజరు వేసి, మంచి కప్పున్న ట్యాంకులో వేడిని దాచుకోండి.

కర్నూలుకు ఆగ్నేయాన గని, శకునాల ఊళ్ళ దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది మన సీమ ఎండ బలం చూసే. అదే ఎండ మీ మిద్దె మీదా పడుతోంది. మూడు పనులు వరసగా చేయండి. మొదట గొట్టాలకు, ట్యాంకుకు తొడుగులు వేయించండి. తర్వాత కుళాయి నీళ్ళకు వేరే ట్యాంకు పెట్టండి. ఆ తర్వాతే సోలార్ కొనండి. వరస తప్పితే డబ్బు ఖర్చవుతుంది గానీ నీళ్ళు వేడెక్కవు.